బ్రెడ్ మెషీన్‌లో కారం చీజ్ బ్రెడ్: పిండి కలపకముందే వేయాల్సిన లెక్క

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని మాడిసన్‌లో, శాసనసభ భవనం చుట్టూ ఉన్న నాలుగు వీధుల్లో శనివారం ఉదయాలు రైతుల సంత జరుగుతుంది. 1972లో మొదలైన ఈ డేన్ కౌంటీ రైతుబజారులో, అమ్మేవారు తాము పండించినవో తాము స్వయంగా తయారుచేసినవో మాత్రమే అమ్మాలన్నది నియమం. ఆ సంతకు వెళ్లినవారు తప్పకుండా చెప్పుకునే తినుబండారాల్లో స్టెల్లాస్ బేకరీ కారం చీజ్ బ్రెడ్ ఒకటి. గుడ్డు వేసి కలిపిన మెత్తని, కాస్త తీపి తగిలే పిండిలో చీజ్ ముక్కలను ముక్కలుగానే పొదిగి, పైన ఎండుమిర్చి పలుకులు చల్లి కాల్చిన గుండ్రటి రొట్టె అది. దాన్ని కత్తితో కోయరు. వెచ్చగా ఉండగానే చేత్తో తుంచుకుని తింటారు. పాడికీ చీజ్‌కూ పేరుమోసిన రాష్ట్రంలో ఇలాంటి రొట్టె పుట్టడం సహజమే. దాన్ని ఇంట్లో చేసుకోవాలనుకునేవారిలో చాలామంది, ముఖ్యంగా పిండి పిసికే తీరిక లేనివారు, బ్రెడ్ మెషీన్‌ను ఆశ్రయిస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. మెషీన్‌లో మామూలు తెల్ల బ్రెడ్ చక్కగా వచ్చినవారికి కూడా, అదే పిండిలో గుప్పెడు చీజ్, చెంచాడు మిరపపలుకులు వేసేసరికి నడినెత్తిన గుంటపడిన, అడుగున జిగటగా మిగిలిన రొట్టె చేతికొస్తుంది.

దీనికి యంత్రాన్ని తప్పుపట్టడం తేలికే గానీ, అసలు కారణం చీజ్‌ను చూసే చూపులో ఉంది. వంటింట్లో చీజ్‌ను పైన చల్లే అలంకారంగానో, మధ్యలో పెట్టే కూరుగానో చూడటం అలవాటు. రొట్టె పిండి లెక్కలో మాత్రం చీజ్ అంటే కొంత నీరు, కొంత కొవ్వు, కొంత ఉప్పు, మిగిలినది పాల మాంసకృత్తులు. చేత్తో పిసికేవారికి ఈ తేడా వేళ్లకు తెలుస్తుంది. పిండి జారుగా అనిపిస్తే చారెడు పొడిపిండి చల్లి సర్దుకుంటారు. మెషీన్‌కు వేళ్లు లేవు కనుక, చేయి చేసే ఆ సర్దుబాటును కొలతల దగ్గరే ముందుగా చేసిపెట్టాలి.

యంత్రం చేసే పనిని తక్కువచేయడానికి ఈ మాట అనడం లేదు. ఇంట్లో వాడుకునే ఆటోమేటిక్ బ్రెడ్ మెషీన్‌ను జపాన్‌లో మత్సుషితా సంస్థ 1987లో మార్కెట్లోకి తెచ్చింది. అంతకుముందు, తయారీ దశలోని తొలి నమూనాల్లో పైపెచ్చు మాడిపోయేది, లోపలి పిండి పచ్చిగా ఉండిపోయేది. అప్పుడు ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, మంచి రొట్టెకు పేరుపొందిన ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్‌కు వెళ్లి, అక్కడి ప్రధాన బేకర్ దగ్గర పిండి పిసకడం నేర్చుకుంది. ఆయన పిండిని లాగుతూనే మెలితిప్పుతున్నాడన్న సంగతి ఆమె పట్టుకుంది. ఆ కదలికను యంత్రంలోకి తేవడానికి గిన్నె లోపలి గోడలకు ప్రత్యేకంగా గట్లు పెట్టారు; తెడ్డు తిప్పుతున్న పిండి ఆ గట్లకు ఆని సాగుతుంది. అంటే బేకర్ చేతి కదలిక యంత్రంలోకి వచ్చింది. పిండి మరీ మెత్తబడిందని గ్రహించే స్పర్శ మాత్రం రాలేదు.

ముందుగా నీటి సంగతి. సుమారు 900 గ్రాముల రొట్టె పట్టే మెషీన్‌కు 400 గ్రా. మైదా, 200 మి.లీ. నీళ్లు, ఒక గుడ్డు, 20 గ్రా. వెన్న, 25 గ్రా. పంచదార, 5 గ్రా. ఇన్‌స్టంట్ ఈస్ట్, 120 గ్రా. చీజ్ అనుకుందాం. పెంకు తీసిన గుడ్డు దాదాపు 50 గ్రాములుంటే అందులో ముప్పావు వంతు నీరే. కాబట్టి పిండికి అందే నీరు 237 గ్రాముల దాకా ఉంటుంది. మైదా బరువులో అది 59 శాతం. మైదాకు ఇది సరిపడే పాళ్లు. ఇప్పుడు చీజ్‌లో సగాన్ని, అంటే 60 గ్రాముల చెడ్డార్ రకం చీజ్‌ను తురిమి పిండిలో కలిపితే, దానివెంట మరో 22 గ్రాముల నీరు లోపలికి చేరుతుంది. మొత్తం నీరు 65 శాతానికి దగ్గరవుతుంది. ఇక్కడ గమనించాల్సింది, ఈ నీరంతా పిసికేటప్పుడే బయటపడదు. చీజ్ మాంసకృత్తుల వలలో అది చిక్కుకుని ఉంటుంది. వేడి తగిలి చీజ్ కరిగినప్పుడు కొంత విడుదలవుతుంది. అందుకే అద్దంలోంచి చూస్తే పిండిముద్ద ముచ్చటగా కనిపించిన రొట్టె కూడా కాలే దశలో కుంగుతుంది. తురిమిన చీజ్ వేసేటప్పుడు నీటిని 10 నుంచి 15 మి.లీ. తగ్గించడం మధ్యేమార్గం. చీజ్‌లో ఉన్న నీరంతా తీసివేస్తే పిండి పిసికే దశలోనే గట్టిపడి, తెడ్డు ఆయాసపడుతుంది.

చీజ్ రకాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది. అమెరికా ఆహార ప్రమాణాల ప్రకారం చెడ్డార్‌లో తేమ 39 శాతం, మాంటెరీ జాక్‌లో 44 శాతం, ప్రొవొలోన్‌లో 45 శాతం దాటకూడదు. పిజ్జాల మీద వేసే తక్కువ తేమ మొజరెల్లాలో 52 శాతం దాకా ఉండవచ్చు. తాజా మొజరెల్లాలో ఇంకా ఎక్కువ. మాడిసన్ తరహా రొట్టె ఇంట్లో చేసుకునే అమెరికన్లు సాధారణంగా జాక్, ప్రొవొలోన్ కలిపి వాడతారు. ఇండియాలో ప్రొవొలోన్ వెతికి పట్టుకోవాల్సినదే కనుక, దాని బదులు మొజరెల్లా వేయడం పరిపాటి. తేమ దృష్ట్యా యంత్రానికి అది మంచి ఎంపిక కాదు.

ఉప్పు లెక్క ఇంకా సులువు. రొట్టెల్లో ఉప్పు మైదా బరువులో 2 శాతం ఉండటం వాడుక. 400 గ్రాములకు 8 గ్రా. చెడ్డార్‌లో ఉప్పు రెండు శాతానికి కాస్త తక్కువగా ఉంటుంది కనుక 120 గ్రాముల చీజ్ దాదాపు 2 గ్రాములు తెస్తుంది. మిగిలిన 6 గ్రాములు, అంటే సమంగా కొలిచిన ఒక చిన్నచెంచా మెత్తని ఉప్పు, పిండిలో వేస్తే చాలు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఉప్పు రుచికే కాదు, ఈస్ట్ వేగానికి కళ్లెం వేయడానికీ, పిండిలో గాలిని పట్టి ఉంచే వల అయిన గ్లూటెన్‌ను బిగించడానికీ కావాలి. చీజ్ ముక్కల్లో ఉన్న ఉప్పు ఆ పని చేయదు, అది ముక్కలోనే ఉంటుంది. అందుకని చీజ్ ఉప్పగా ఉంది గదా అని పిండిలో ఉప్పును మూడు నాలుగు గ్రాములకు దించేస్తే, పిండి అదుపు తప్పి పొంగి, ఆ తర్వాత కూలుతుంది.

కొవ్వు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. చెడ్డార్‌లో మూడోవంతు కొవ్వే. 120 గ్రాములతో 40 గ్రా. కొవ్వు వస్తుంది. కొవ్వు పిండిరేణువులను ముందుగానే చుట్టేస్తే గ్లూటెన్ పోగులు పొడవుగా సాగలేవు. మైదాలోని గ్లూటెనిన్, గ్లయడిన్ అనే రెండు మాంసకృత్తులు నీటితో కలిసి అల్లుకుంటేనే గాలిని పట్టే వల తయారవుతుంది కనుక, ఆ అల్లిక పూర్తయ్యాకే చీజ్ పిండిలోకి రావాలి. అన్నీ ఒకేసారి గిన్నెలో పోసి మీట నొక్కడం యంత్రం ఇచ్చే సౌకర్యమే అయినా, ఈ రొట్టె దగ్గర దాన్ని వదులుకోక తప్పదు.

మన మార్కెట్లో దొరికే మైదా గురించి కూడా ఒక మాట చెప్పాలి. అమెరికన్ వంటకాలు చెప్పే బ్రెడ్ ఫ్లోర్‌లో మాంసకృత్తులు 12 నుంచి 14 శాతం దాకా ఉంటాయి. మామూలు మైదాలో అంతకంటే తక్కువ. అంత చీజ్ బరువు మోయాలంటే మైదాకు ఊతం కావాలి. విడిగా అమ్మే గోధుమ గ్లూటెన్ పొడిని 400 గ్రాములకు ఒకటిన్నర, రెండు పెద్దచెంచాలు కలిపితే ఆ ఊతం దొరుకుతుంది. గోధుమపిండి కలపదలచుకున్నవారు పావువంతుతో ఆగడం మంచిది. చక్కీలో ఆడించిన పిండిలో పిండిపదార్థపు రేణువులు ఎక్కువగా నలిగి ఉంటాయి, అవి నీటిని ఎక్కువ పీలుస్తాయి. తవుడు పలుకులు గ్లూటెన్ పోగులను తెంపుతాయి. కొలతలన్నీ త్రాసు మీద తూయడం మేలు. పిండిని కప్పుతో నేరుగా సంచిలోంచి తోడితే 150 గ్రా. వరకు పడుతుంది, చెంచాతో నింపితే అదే కప్పులో 120 గ్రాములే పట్టవచ్చు. ఈ తేడా ముందు చెప్పిన చీజ్ నీటి లెక్కనంతటినీ మింగేస్తుంది.

చీజ్ ఎప్పుడు వేయాలన్నదే ఈ రొట్టె తీరును నిర్ణయిస్తుంది. చాలా మెషీన్లు చివరి పిసుకుడు ముగియడానికి కొన్ని నిమిషాల ముందు కూత పెడతాయి. ఎండుద్రాక్ష, జీడిపప్పు లాంటివి వేయాల్సిన సమయమది. చీజ్ కూడా అప్పుడే వేయమని చాలా పుస్తకాలు చెబుతాయి. అది తురుముకు సరిపోతుంది. ముక్కలకు సరిపోదు. పిసుకుడుతో వెచ్చబడిన పిండిలో తెడ్డు ఆ కొద్ది నిమిషాలు తిరిగినా జాక్ లాంటి మెత్తని చీజ్ చిదిగిపోతుంది. ఫలితంగా చీజ్ రుచి ఉన్న రొట్టె వస్తుందే గానీ, తుంచినప్పుడు లోపల కరిగిన చీజ్ గూళ్లు కనిపించే రొట్టె రాదు. ముక్కలను అంగుళంలో సగం మందాన కోసి, వేసే ముందు ఓ ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌లో పెడితే కొంత నిలుస్తాయి. రాయిలా గడ్డకట్టనిస్తే మాత్రం అవి పిండిని చల్లబరచి పొంగును ఆలస్యం చేస్తాయి. యంత్రమేమో ఆ ఆలస్యానికి ఆగకుండా నిర్ణీత సమయానికే కాల్చడం మొదలుపెడుతుంది.

ఇక్కడ ఇండియాలో దొరికే ప్రాసెస్డ్ చీజ్‌కు దక్కాల్సిన మర్యాద దక్కడం లేదనిపిస్తుంది. కొవ్వునూ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచే సిట్రేట్, ఫాస్ఫేట్ లవణాలు కలిపి దాన్ని తయారుచేస్తారు. అందువల్ల అది వేడికి మెత్తబడుతుంది గానీ నూనె కక్కదు, పలచగా పారిపోదు. మంచి చెడ్డార్‌కు ఉండే ఘాటైన రుచి దానిలో లేకపోవచ్చు. రొట్టెలో ముక్క ముక్కగా నిలవడంలో మాత్రం ఖరీదైన మొజరెల్లా కంటే అదే నమ్మకమైనది. రుచి కోసం 40 గ్రా. పాత చెడ్డార్ తురుము, గూళ్ల కోసం 80 గ్రా. ప్రాసెస్డ్ చీజ్ ముక్కలు వాడితే రెండూ దక్కుతాయి. ప్రాసెస్డ్ చీజ్‌లో ఉప్పదనం ఎక్కువ కనుక పై ఉప్పు లెక్కలో ఒక గ్రాము తగ్గించినా ఫర్వాలేదు. పనీర్ సంగతి వేరు. పాలను ఆమ్లంతో విరిచి చేసినది కావడంతో అది కరగదు. మిరపకాయతో దాని జోడీ బాగానే ఉంటుంది గానీ, వచ్చేది వేరే రొట్టె.

మాడిసన్ రొట్టెకు దగ్గరగా వెళ్లాలంటే యంత్రాన్ని సగం పనికే పెట్టుకోవడం ఉత్తమం. పిండి కలిపి ఒకసారి పొంగించే డో సైకిల్ సాధారణంగా గంటన్నరలో ముగుస్తుంది. అప్పుడు పిండిని బయటికి తీసి, పీట మీద దీర్ఘచతురస్రంగా పరిచి, చీజ్ ముక్కలు పేర్చి, చాప చుట్టినట్టు చుట్టి, అంచులు గట్టిగా నొక్కి మూయాలి. గిన్నెలోంచి తెడ్డు తీసేసి ఆ చుట్టను మళ్లీ అందులోనే పెట్టి, ముప్పావు వంతు పొంగాక బేక్ మీట నొక్కవచ్చు. తెడ్డు లేకపోవడంతో రొట్టె అడుగున రంధ్రం కూడా పడదు. చేతిపని పది నిమిషాలే. పిసకడమన్న పెద్ద శ్రమ ఎలాగూ యంత్రమే చేసింది కాబట్టి ఈ పది నిమిషాలను తప్పించుకోవడం కోసం గూళ్లను వదులుకోవడం నష్టమే. ఏ పద్ధతిలోనైనా, పిసకడం మొదలైన ఐదు నుంచి పది నిమిషాల మధ్య ఒకసారి మూత తెరిచి చూడాలి. ముద్ద గోడలను వదిలి, నున్నగా గుండ్రంగా తిరుగుతూ అడుగున కాస్త మాత్రమే అంటుకుంటే నీటి పాలు సరిగా కుదిరినట్టు. చీజ్ పడ్డాక చూస్తే ఈ పరీక్ష పనికిరాదు, చీజ్ జిడ్డు కంటిని మోసం చేస్తుంది.

ఇక కారం. తెలుగువారికి ఈ రొట్టెలో అన్నిటికంటే తేలికైన భాగం ఇదే అనిపిస్తుంది, నిజానికి పొరపాట్లు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. అమెరికన్ వంటకం రెండు చెంచాల మిరపపలుకులు వేయమంటే, గుంటూరు మిర్చి తిన్న నోటికి అది చాలదనిపించి నాలుగు వేస్తారు. గుంటూరు సన్నాల కారం, మిర్చి ఘాటును కొలిచే స్కోవిల్ కొలతలో 35 వేల నుంచి 40 వేల దాకా ఉంటుందని అంచనా. తేజ రకం అంతకంటే ఘాటు. అమెరికన్లు చీజ్ రొట్టెల్లో తరచుగా వేసే హాలపీనో పచ్చిమిర్చి కారం 2,500 నుంచి 8,000 వరకే. అందువల్ల హాలపీనో కొలతను సన్నాలకు అన్వయిస్తే రొట్టె తినలేనంత కారమవుతుంది. రంగు కూడా కావాలనుకుంటే, కారం తక్కువ, ఎరుపు ఎక్కువ ఉండే బ్యాడిగి మిర్చిని సన్నాలతో సగం సగం కలపవచ్చు.

మిరపకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. బేకింగ్ వేడికి ఎగిరిపోదు. కాయలో అది ఎక్కువగా ఉండేది గింజల్లో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లని ఈనెలో. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు దాన్ని పట్టి నాలుక మీదినుంచి తప్పిస్తుంది. కారం నషాళానికెక్కినప్పుడు నీళ్ల కంటే మజ్జిగ ఉపశమనమివ్వడానికి కారణం ఇదే. ఈ వాస్తవాలను రొట్టె దగ్గరికి తెస్తే చీజ్ గూళ్లు ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది. చీజ్‌ను తురిమి పిండంతటా కలిపితే కారమూ, కారాన్ని చంపే చీజ్ కూడా ప్రతి ముద్దలో సమంగా ఉంటాయి. రుచి ఎక్కడా హెచ్చుతగ్గులు లేకుండా చప్పగా సాగుతుంది. కారం పిండిలో, చీజ్ గూళ్లలో విడివిడిగా ఉంటే ఒక కొరుకులో మంట, తర్వాతి కొరుకులో చల్లదనం వస్తాయి. మాడిసన్ రొట్టె ఆకర్షణకు మూలం ఈ మార్పిడే.

వెచ్చగా తినడానికి కూడా ఒక కారణముంది. క్యాప్సైసిన్‌ను గుర్తించే నరాల్లోని టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని కనుగొన్నందుకు డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. ఆ గ్రాహకం కారానికే కాదు, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికీ స్పందిస్తుంది. అందుకే వేడి రొట్టె చల్లారిన దానికంటే కారంగా తోస్తుంది. వేడివేడిగా రుచి చూసి కారం ఎక్కువైందని నిర్ణయించుకోవడం తొందరపాటు.

పలుకులను నేరుగా పిండిలో వేసే బదులు, 20 గ్రాముల వెన్నను సన్నని సెగ మీద కరిగించి అందులో ఒక చిన్నచెంచా పలుకులు వేసి, మాడకుండా దించి చల్లార్చి వాడితే రంగూ కారమూ కొవ్వులోకి దిగుతాయి. తాలింపు వేసేవారికి ఇది కొత్త విద్య కాదు. మరో చెంచా పలుకులు పైన చల్లడానికి. ఓవెన్‌లో పైన చల్లిన మిర్చి మాడి చేదెక్కే ప్రమాదముంది; మెషీన్‌లో వేడి తీగ గిన్నె చుట్టూ కింది భాగంలో ఉండటంతో పైభాగం అంత వేడెక్కదు, మిర్చి మాడదు. యంత్రానికి దక్కే మేలు ఇది. కాల్చడం మొదలయ్యే ముందు మూత తెరిచి, గిలకొట్టిన గుడ్డు పూసి, పలుకులు చల్లి వెంటనే మూయాలి.

వెల్లుల్లి కారం వాడాలన్న కోరిక తెలుగింట సహజం. దాన్ని పిండిలో వేయకపోవడమే మంచిది. పచ్చి వెల్లుల్లిని నలిపినప్పుడు పుట్టే అల్లిసిన్ ఈస్ట్‌ను అణచివేస్తుంది. వెల్లుల్లిలోని గంధక సమ్మేళనాలు గ్లూటెన్ పోగుల మధ్య ముడులను సడలిస్తాయి. పైగా దానిలో ఉప్పు కూడా ఉంటుంది కనుక ముందు వేసిన లెక్క తప్పుతుంది. చుట్ట చుట్టే పద్ధతిలో చీజ్‌తో పాటు పలచగా పూస్తే ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే అప్పటికి గ్లూటెన్ అల్లిక పూర్తయి ఉంటుంది. పచ్చిమిర్చి ముక్కలైనా, సీసాలో ఊరిన హాలపీనోలైనా తడి బాగా ఒత్తి తీశాకే వేయాలి.

యంత్రం ఉన్న ఇంటి వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. పిసికాక పిండి వేడి 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండటం మేలు. మే నెలలో విజయవాడ వంటింట్లో మైదాయే 35 డిగ్రీలుంటుంది, పిసుకుడు ఇంకొన్ని డిగ్రీలు చేరుస్తుంది. యంత్రం వేడి చేయగలదు, చల్లబరచలేదు. అక్కడ ఫ్రిజ్ నీళ్లు వాడి, ఈస్ట్‌ను 5 గ్రాముల నుంచి మూడున్నరకు తగ్గించాలి. డిసెంబరులో షికాగోలోనో మిల్వాకీలోనో ఉన్న ఇంట్లో గోరువెచ్చని నీళ్లే కావాలి. రాత్రి అన్నీ వేసి తెల్లారేసరికి రొట్టె అయ్యేలా పెట్టే టైమర్‌ను ఈ రొట్టెకు వాడకూడదు. గుడ్డు, చీజ్ గది వేడిలో రెండు గంటలకు మించి ఉండటం ఆరోగ్యానికి మంచిది కాదు. అమెరికానుంచి తెచ్చుకున్న మెషీన్ 120 వోల్టులకు తయారైనది. 230 వోల్టులను తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. అది వోల్టేజీని మారుస్తుందే గానీ 50 హెర్ట్జ్ పౌనఃపున్యాన్ని 60 చేయదు. కరెంటు పౌనఃపున్యాన్ని బట్టి వేగం మారే ఇండక్షన్ మోటారున్న యంత్రంలో తెడ్డు ఆరోవంతు నెమ్మదిగా తిరుగుతుంది, పిసకడం ఆ మేరకు తక్కువవుతుంది.

పంచదార, గుడ్డు, చీజ్ ఉన్న పిండికి రంగు త్వరగా వస్తుంది కాబట్టి పైపెచ్చు రంగును లేతకు పెట్టాలి. రొట్టె మధ్యలో వేడి 88 నుంచి 93 డిగ్రీల మధ్య ఉంటే కాలినట్టే. థర్మామీటర్ ముల్లు చీజ్ గూడులో దిగితే చూపే అంకెను నమ్మకూడదు. కాలిన వెంటనే గిన్నెలోంచి తీసి జాలీ మీద పెట్టాలి. వెచ్చగా ఉంచే సదుపాయం ఉందని లోపలే వదిలేస్తే ఆవిరి గోడలకు పట్టి పక్కలు చెమ్మగిల్లుతాయి. చుట్టిన రొట్టెను ఇరవై నిమిషాలాగి తుంచుకోవచ్చు. ముక్కలుగా కోయాలనుకుంటే గంటైనా ఆగాలి, లేకపోతే లోపలి భాగం కత్తికి ముద్దగా అంటుకుంటుంది. మిగిలిన రొట్టెను ఫ్రిజ్‌లో పెడితే బయటకంటే త్వరగా గట్టిపడుతుంది, కోస్తా ఉక్కలో బయట ఉంచితే బూజు పడుతుంది. ముక్కలు కోసి ఫ్రీజర్‌లో దాచి, తినేముందు పెనం మీద మూతపెట్టి సన్నసెగన వేడిచేస్తే చీజ్ మళ్లీ కరుగుతుంది.